పురుగు కోసం పుట్టిన చెవి

నేను ఒక చెవిని. తల లేదు, ముఖం లేదు. అరచేతిలో పట్టే పెట్టె, అడుగున ఒక ఇనుప సూది, పైన ఒక పచ్చ దీపం. సూదిని దేనికి ఆనిస్తే దాని లోపలి చప్పుడు వింటాను. లోపల ప్రాణం ఉందనిపిస్తే దీపం వెలిగిస్తాను.

నేను పుట్టింది అమలాపురంలో, ఒక అద్దె ఇంటి వంటగట్టు మీద. యామిని, ఉపేంద్ర కొత్తగా పెళ్లయిన ఇంజనీర్లు. ఆ ఇంటికి సోఫా కన్నా ముందు నేను వచ్చాను. నాకు టంకం పెడుతున్నప్పుడు అతను ఊదితే పొగ ఆమె వైపు పోయేది, ఆమె ఊదితే అతని వైపు. ఆ ఆట కోసమే కొన్ని అతుకులు అవసరానికి మించి పడ్డాయని నా అనుమానం.

కొబ్బరి చెట్టు లోపల ఎర్రముక్కు పురుగు తొలుస్తుంటే బయటికి కనపడదు. కనపడేసరికి చెట్టు చేయి దాటిపోతుంది. ఆ కొరుకుడు వినడానికే నన్ను చేశారు. అయితే తోటలో మనుషులు ఊరుకోరు కదా. "ఏవంటందండీ?" "పురుగుందంటందాండీ?" అని రైతులు చుట్టూ మూగేవారు. ఆ సందడికి తికమకపడి నిక్షేపంలాంటి చెట్టుకు కూడా దీపం వెలిగించేదాన్ని. అప్పుడు యామిని నాకొక పాఠం నేర్పింది. మనిషి గొంతు, దగ్గు, అడుగుల చప్పుడు అన్నీ చెత్త, వదిలెయ్యి. బుద్ధిగా వదిలేశాను.

రైతులు మెచ్చుకున్నారు. కొన్నవాళ్లు మాత్రం తక్కువ. ఇద్దరూ కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ మూసేసి ఉద్యోగాలు చూసుకుందామా అన్న మాట ఇంట్లో మొదలైంది. ఆ రోజుల్లోనే సైన్యం నుంచి పిలుపు వచ్చింది. కూలిన గోడల కింద, మంచు కింద చిక్కినవాళ్లను వెతికే సాధనం కావాలి, చిన్న కంపెనీల దగ్గర ఏదైనా ఉంటే పట్టుకురమ్మని.

"చెట్టులో పురుగును వినేది, గోడ కింద మనిషిని వినదా?" అన్నాడు ఉపేంద్ర.

నన్ను తీసుకెళ్లిన సైన్యం శిక్షణ మైదానంలో కాంక్రీటు ముక్కల దిబ్బ ఉంది. దాని అడుగున కట్టిన గదిలో తవిటినాయుడు అనే శ్రీకాకుళం జవానును కూర్చోబెట్టి, నా సూదిని దిబ్బకు ఆనించారు. అతను అరిచాడు, పాడాడు, గోడ బాదాడు. నాకన్నీ వినపడ్డాయి. నేర్చిన పాఠం ప్రకారం అన్నీ వదిలేశాను. దీపం వెలగలేదు.

తవిటినాయుడు బయటికొచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నానంత గట్టిగా అరిసినా దీపం ఎలగలేదేటమ్మా?"

యామిని పాలిపోయిన ముఖంతో ఉన్నమాట చెప్పింది.

"అయితే నాను పురుగుని కానని ఒగ్గీసిందన్నమాట."

జవాన్లు నవ్వారు. పరీక్ష చూడటానికి వచ్చిన మేజర్ నవ్వలేదు. భోజనాలయ్యాక ఇంకొక్కసారి చూస్తానని, అప్పుడూ వినకపోతే ఇంటికి వెళ్లిపోవచ్చని హిందీలో చెప్పాడు.

లారీ నీడలో యామిని ల్యాప్‌టాప్ తెరిచింది. "మనుషులు లెక్కలోకి రారని దీనికి నేర్పింది నేనేనండీ."

"నేర్పిన నువ్వే మరిపించు. నోరు తెరు," అని ఉపేంద్ర ఆమెకు పెరుగన్నం ముద్ద అందించాడు.

భోజనాలయ్యాక తవిటినాయుడు మళ్లీ కింది గదిలోకి దిగాడు, నా సూదిని మళ్లీ దిబ్బకు ఆనించారు. పాఠం మరిచాక లోకమంతా నామీద పడింది. బూట్లు, టీ గ్లాసులు, ఎక్కడో జనరేటరు. కాసేపు ఎవరూ కదలకుండా ఉంటారా అని యామిని అడిగింది. మేజర్ ఒక్క మాట అన్నాడు, మైదానం ఆగిపోయింది. కోనసీమలో ఎంత బతిమాలినా దొరకని నిశ్శబ్దం అది. నాకు భలే కొత్తగా ఉంది.

కానీ కింద నుంచి అరుపు లేదు, పాట లేదు. ఉపేంద్ర వేళ్లు యామిని వేళ్లను వెతుక్కున్నాయి. అప్పుడు చాలా లోతున, రంపం లాగినట్టు, ఏదో. వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. ఏ పురుగూ అంత తీరిగ్గా కొరకదు. దీపం వెలిగించాను.

తలుపు తీసి చూస్తే తవిటినాయుడు గురకపెట్టి నిద్రపోతున్నాడు. "తిన్నాక కళ్లు మూసుకుపోనాయి సార్. తప్పయిపోనాది."

మేజర్ కోప్పడలేదు. స్పృహ తప్పినవాడు అరవడు, పాడడు, వాడి ఊపిరి వినేదే మాకు కావాలి అని యామినితో అన్నాడు. కొండల మీది శిబిరాలకు కావాలని అక్కడే ఆర్డరు చెప్పాడు.

ఇప్పుడు నా తమ్ముళ్లకు ఒక మీట ఉంది. ఒకవైపు కొబ్బరి చెట్టు బొమ్మ, ఇంకోవైపు మనిషి బొమ్మ. కొందరు తోటలకు వెళ్తున్నారు, కొందరు మంచులోకి. మొదటిదాన్ని కనుక నన్ను ఎవరికీ ఇవ్వకుండా అలమరాలో పెట్టుకున్నారు. సెలవు రోజు పొద్దున్నే యామిని నా సూదిని మంచం కోడుకు ఆనిస్తుంది. ఉపేంద్ర నిద్రలో ఉంటాడు. దీపం వెలుగుతుంది. "ఉన్నారు," అని నాతో గుసగుసలాడి టీ పెట్టడానికి వెళ్తుంది.

వంటగట్టు మీద రెండు గ్లాసులు పెట్టిన చప్పుడు మంచం కోడు దాకా వస్తుంది. అది చెత్తని ఇప్పుడు నాకెవరూ చెప్పరు.