బానెట్ లేపిన బండి

జొలీన్ మాకు దొరికేసరికి ఆమె ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆస్ట్రేలియా ఎడారిలో, పోపెల్ కార్నర్ అనే సరిహద్దు గుర్తు దాటిన కాసేపటికి, దారి పక్కన ఒక తుప్ప నీడలో కూర్చుని కనిపించింది. పై పెదవి నిలువునా చీలింది. ఒక కాలికే చెప్పుంది. నీళ్ళ సీసా అందిస్తే పట్టుకోలేకపోయింది. కుడిచేతి వేళ్ళు రెండు విరిగి పక్కకి వాలిపోయాయి. నేనే పట్టుకుని తాగించాను.

"ఎవరి పనమ్మా ఇది?"

"కర్ట్. మా ఆయన."

"ఏం చేశావని?"

"మ్యాప్ తప్పు చూశానంట. దారి తప్పించానంట."

సింప్సన్ ఎడారిలో ఆ దారిలో తప్పడానికి ఒక్క మలుపు కూడా లేదు. ముందుకి పోవాలి, లేదంటే వెనక్కి పోవాలి. వాడు నిన్న సాయంత్రం ఈ పిల్లని పిడికిళ్ళతో గుద్ది, కిందపడ్డాక బూటుతో తన్ని, "నడిచి రా" అని నీళ్ళతో సహా వెళ్ళిపోయాడు. వినగానే నా ఒళ్ళు మండిపోయింది. వాడు చేతికి చిక్కితే ఏం చేస్తానో నాకే తెలియనంత కోపం వచ్చింది.

జొలీన్ దగ్గినప్పుడల్లా రక్తం పడుతోంది. మా ఆయన మెర్వ్ రేడియోలో విమానంలో వచ్చే ఫ్లయింగ్ డాక్టర్‌ని పట్టుకున్నాడు. సాయంత్రంలోగా బర్డ్స్‌విల్ ఊరు చేర్చండి, విమానం అక్కడ సిద్ధంగా ఉంటుంది, ఆలస్యమైతే మా చేతుల్లో ఉండదు అన్నారు. వెనక్కి పోవడానికి మా దగ్గర డీజిల్ చాలదు. ఉన్నది ముందు దారే.

"వాడు కూడా ముందే ఉన్నాడు," అంది జొలీన్.

"నిన్ననగా పోయినోడు ఈపాటికి బర్డ్స్‌విల్ హోటల్లో బీరు కొడుతుంటాడులే. పడుకో," అన్నాడు మెర్వ్.

ఫ్రిజ్‌కీ నీళ్ళ క్యాన్లకీ మధ్య పరుపు వేసి పడుకోబెట్టాం. ఎందుకైనా మంచిదని పైన కాన్వాసు కప్పాను. అక్కణ్ణుంచి దిబ్బ ఎక్కడం, దిబ్బ దిగడం. ప్రతి కుదుపుకీ వెనకనుంచి చిన్న మూలుగు వినిపించేది.

రెండు గంటలకి ఒక దిబ్బ మీదనుంచి చూస్తే, ఎదుటి దిబ్బ ముప్పాతిక ఎత్తులో తెల్లటి బండి కనిపించింది. ఇరుసుల దాకా ఇసుకలో దిగబడిపోయింది. బానెట్ లేపి ఉంది.

"అదే!" అంది జొలీన్, కాన్వాసు సందులోంచి చూసి.

"పక్కదారిన పోనియ్, ఆపకు," అన్నాను.

"బానెట్ లేపుంది గ్వెన్," అన్నాడు మెర్వ్.

"వాడి పుర్రె లేపి ఉన్నా సరే, ఆపకు!"

మెర్వ్ కాలు అప్పటికే బ్రేకు మీదకి పోయింది. ఆ ఇసుకలో సాయం కోసం బానెట్ లేపిన బండిని చూసి ఎవరూ దాటిపోరు. అది ఎక్కడా రాసి లేదు. కానీ దాటిపోయాడని తెలిస్తే ఆ మనిషికి ఏ శిబిరంలోనూ నిప్పు దగ్గర చోటివ్వరు. అలా పోయినవాణ్ణొకణ్ణి మెర్వే హోటల్లోంచి కాలరు పట్టి వీధిలోకి ఈడ్చి కొట్టాడు.

"ఒక నీళ్ళ క్యాను దించి వచ్చేస్తా. ఇంజిన్ కూడా ఆపను," అన్నాడు. "వాడు జొలీన్‌ని చావడానికి వదిలేశాడు. మనం కూడా అదే చేస్తామా?"

"చేద్దాం," అన్నాను. నిజంగానే అన్నాను.

ఆ బండికి కొంచెం దిగువన ఆపి అతను దిగిపోయాడు. కర్ట్ ఎండకి ఎర్రగా కమిలిపోయి, నవ్వుతూ ఎదురొచ్చాడు. "దేవుడిలా వచ్చావు గురూ!" మెర్వ్ క్యాను కింద పెట్టి వెనుదిరగాలి. తిరిగాడు కూడా. అంతలో చూపు ఆ బండి టైర్ల మీద పడింది.

"ఇందులో ఎంత గాలి పెట్టావయ్యా?"

"షాపువాడు పెట్టిందే."

"ఇసుకలో ఇంత గాలితో తోలతావా? సగానికి సగం తియ్యాలి! నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

అని మోకాళ్ళ మీద కూర్చుని వాల్వు మూత తిప్పడం మొదలుపెట్టాడు. నేను హారన్ కొట్టాను. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఊపాడు. నలభై ఏళ్ళ కాపురంలో నాకు తెలిసిన మనిషి! ఇసుకలో గాలి బిగిసిన టైరు కనబడితే, అది యముడి బండిదైనా సరే, గాలి తీసిగానీ లేవడు.

కర్ట్‌కి అదంతా విసుగ్గా ఉంది. మా బండివైపు వచ్చాడు. "అమ్మా, చల్లగా ఓ బీరేమైనా ఉందా?"

"అయిపోయాయి," అన్నాను. నా మాట పూర్తయ్యేలోపే వెనక తలుపు తీశాడు. కాన్వాసు కిందనుంచి చెప్పులేని పాదం బయటికి ఉంది.

వాడు అరవలేదు. ఆ పాదం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. జొలీన్ తల బంపరుకి తగిలి ఇసుకలో పడింది. వాడు పక్కటెముకల మీద తన్నాడు, మళ్ళీ తన్నాడు. మెర్వ్ గాలి కొలిచే మీటరు చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. కర్ట్ మా తలుపుకి కట్టి ఉన్న పార ఊడబెరికి అంచుతో కొట్టాడు. మొదటి దెబ్బకి మెర్వ్ భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బకి చెవి సగం ఊడి వేలాడింది. నేను ఇనప పెనం తీసుకుని వాడి వీపు మీద పడ్డాను. తలకి గురిపెడితే భుజానికి తగిలింది. వాడు మోచేత్తో వెనక్కి గుద్దాడు. రెండు పళ్ళు నా నాలుక మీద పడ్డాయి.

లేచేసరికి పార అంచు మెర్వ్ గొంతు మీద ఉంది.

"ఏయ్ ముసలమ్మా. బండి తోలడం వచ్చా?"

"వచ్చు."

"ఐతే నా బండి పైకి లాగు. లాగితే నేనూ నా పెళ్ళామూ పోతాం. పారిపోయావో, ఈ ముసలోడి తలకాయ ఇక్కడే పాతేస్తా."

పళ్ళు ఉమ్మేసి స్టీరింగు దగ్గర కూర్చున్నాను. పక్కదారిన దిబ్బ ఎక్కి, వాడి బండి ముందుకి మా బండిని రివర్సులో తెచ్చి నిలిపాను. వాడు మెర్వ్‌ని తన బండి పక్కకి ఈడ్చుకొచ్చి పడేసి, బానెట్ మూసి, పారతో సహా తన సీట్లో కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి జొలీన్‌ని కసిరాడు. "నీకు వేరే చెప్పాలా? వెనక చేరి తొయ్యి!" పక్కటెముకలు విరిగిన పిల్ల పాక్కుంటూ వెళ్ళి బండి వెనక చేరింది. మెర్వ్ ఆ బండి పక్కనే ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాడు. ఇక ఆ పిల్ల వాడి బండి ఎక్కిందంటే బర్డ్స్‌విల్ చేరదు. అది నాకు ఖాయంగా తెలుసు.

ఇలా లాగడానికి రబ్బరులా సాగే పట్టా ఒకటి వాడతాం. ముందు బండి ఊపు అందుకుంటే అది సాగి, ఒక్కసారిగా బిగిసి, దిగబడ్డ బండిని పెరికేస్తుంది. పట్టా కొసని మా బండి వెనక ఉండే ఇనప గూట్లో పెట్టి మేకు బిగించాలి. ఆ గూటి ముందు ట్రైలర్ తగిలించే ఇనప గుండు ఉంటుంది. దానికి మాత్రం తగిలించకూడదు. బరువుకి గుండు మెడ విరిగితే, సాగిన పట్టా దాన్ని వెనక బండి అద్దంలోకి ఫిరంగి గుండులా విసురుతుంది. మా ఎడారి ప్రయాణాల క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే నేర్పే పాఠం అది. నేర్పేది మేమిద్దరమే.

వాడి బండి ముందు కొక్కేనికి ఒక కొస బిగించాను. రెండో కొస గుండుకి తగిలించాను. అదే సమయానికి మెర్వ్ తల కొంచెం ఎత్తి నా చేతులవంక చూశాడు. చూసి, మళ్ళీ తల ఇసుకలో ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఎంతసేపే!" అని అరిచాడు కర్ట్.

"అయింది బాబూ. జొలీన్! తల బాగా దించి తొయ్యమ్మా, బాగా దించు!"

యాక్సిలరేటర్ తొక్కి పట్టాను. పట్టా సాగింది, బండి ఆగినట్టే ఆగింది, ఆ తర్వాత ఫెళ్ళుమన్న చప్పుడుతో మా బండి ముందుకి దూకింది. వెనక చూపే అద్దంలోంచి చూశాను. వాడి బండి ముందద్దంలో గుండ్రటి కన్నం. కన్నం వెనక, ముఖం ఉండాల్సిన చోట, ముఖం లేదు. చేతులు మాత్రం ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాయి.

జొలీన్ వాడి బండి పట్టుకుని లేచి, నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"చచ్చాడా?"

"చచ్చాడు."

"మళ్ళీ లేవడు కదా?"

"లేవడమ్మా."

అక్కడే కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. దేనికోసమో నేను అడగలేదు. ఇద్దర్నీ వెనక పడుకోబెట్టి, చీకటి పడేలోగా బర్డ్స్‌విల్ చేర్చాను. జొలీన్ బతికింది.

మెర్వ్ తలకి కుట్లు వేస్తుండగానే సార్జెంటు వచ్చాడు. మా దగ్గర తర్ఫీదు పొందిన కుర్రాడే.

"పట్టా గుండుకి ఎవరు తగిలించారు?"

నేను నోరు తెరిచాను.

"నేనే," అన్నాడు మెర్వ్.

"నువ్వా? తగిలిస్తే తోలు తీస్తానని నాకు చెప్పిందే నువ్వు కదా!"

"తల పగిలింది కదయ్యా. బుర్ర పనిచెయ్యలేదు. పొరపాటైపోయింది."

సార్జెంటు మెర్వ్ విరిగిన భుజం వంక, ఆ తర్వాత నా చేతుల వంక చూశాడు. చివరికి మెర్వ్ చెప్పిందే రాసుకున్నాడు.

ముప్పై ఒక్కసార్లు ఆ ఎడారి దాటించిన మనిషిని ఇక బృందాలకి ముందు నడవొద్దని క్లబ్బు ఉత్తరం రాసింది. ఇప్పుడు ఏ శిబిరానికి వెళ్ళినా, గుండుకి పట్టా తగిలించిన ముసలాయన ఈయనే అని కుర్రకారు గుసగుసలాడతారు. ఆయనకి మిగిలిన చెవికి అవన్నీ వినిపిస్తాయి. వాణ్ణి చంపినందుకు నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు. ఈ గుసగుసలు వింటే మాత్రం గుండె తరుక్కుపోతుంది. ఒకసారి ఉండబట్టలేక, అది చేసింది నేనేనని అందరికీ చెప్పేస్తాను అన్నాను.

"చెప్పకు."

"ఎందుకు మీదేసుకున్నావు? నేను కదా తగిలించింది!"

"బండి ఆపింది నేను కదే," అన్నాడు.