వంకర గ్రహశకలం

రాయచూరు జిల్లా సిరవార దగ్గర, తుంగభద్ర కాలవ కింద ఆంధ్రా రైతులు కట్టుకున్న క్యాంపు మాది. మా తాత ముసలయ్య కాలాన్ని పంటల్లో లెక్కపెడతాడు. నాకూ అదే అంటుకుంది. రాయచూరులో జిల్లా సైన్సు ప్రదర్శన రోజు ఆ అలవాటే నా కొంప ముంచబోయింది.

గెలిచినవాళ్ళని బెంగళూరు తీసుకెళ్ళి పెద్ద టెలిస్కోపులో ఆకాశం చూపిస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే వెలుగు కొలతలతో రెండేళ్ళుగా నేను లెక్కలు కడుతున్న గ్రహశకలాన్ని ఒక్కసారి అందులో చూడాలి. నాకు కావలసింది అంతే. దానికి పేరు లేదు, నంబరే. కుజుడికీ గురుడికీ మధ్య తిరుగుతుంది. సూర్యుణ్ణి ఒక చుట్టు చుట్టడానికి పట్టే కాలాన్ని అట్ట మీద 'తొమ్మిది పంటలు' అని రాశాను.

న్యాయనిర్ణేత కనకప్పగారిది జాలహళ్ళి వైపు మెట్ట ఊరు.

"తొమ్మిదేండ్లా? మాకు ఏడాదికి ఒక్కటే పంటమ్మా. గదీ వాన కొడితె."

సిగ్గుతో చచ్చిపోయాను. కాలవ నీళ్ళున్నవాళ్ళకి లోకమంతా ఏడాదికి రెండు పంటలు పండినట్టే ఉంటుంది. తప్పు నాదే. కొట్టేసి 'నాలుగున్నర ఏళ్ళు' అని రాశాను.

ఆయన మెత్తబడ్డారు. దారానికి వేలాడుతున్న నా నల్లరేగడి ముద్దని చూశారు. ఆ గ్రహశకలం బొగ్గంత నలుపు, అందుకే ఆ మట్టి.

"గిదేంది, గిట్ల వంకాయ లెక్క ఉంది? గుండ్రంగ చెయ్యి. నీ పేరు బెంగళూరుకు రాస్త."

"చెయ్యనండీ."

మా సైన్సు మాస్టారు నాగేష్ నా చెయ్యి గిల్లారు. "ఏం పోతది భావనా, జర తడి చేసి తిప్పెయ్."

నేను టార్చి వేసి ముద్దని తిప్పాను. "ఏడు గంటలకో చుట్టు తిరుగుద్దండీ. ఆ ఒక్క చుట్టులో వెలుగు రెండుసార్లు పెరుగుద్ది, రెండుసార్లు తగ్గుద్ది. పొడుగు వైపు తిరిగితే ఎక్కువ, కొస వైపు తిరిగితే తక్కువ. గుండ్రంగా ఉంటే ఇట్టా ఎందుకవుద్ది?"

"పుస్తకంల గుండ్రంగనె ఉంది కదా!" అన్నారు కనకప్పగారు.

నాకు ఒళ్ళు మండింది. "పంటల లెక్క తప్పు నాదండీ, కొట్టేశాను. ఈ తప్పు పుస్తకానిది. మీరు కొట్టెయ్యండి."

కనకప్పగారు ఏదీ కొట్టెయ్యలేదు, నా పేరు తప్ప. బెంగళూరు అవకాశం పక్క బల్ల మీది అగ్నిపర్వతానికి దక్కింది.

తిరుగు బస్సులో ఏడ్చాను, దాచడమెందుకు? నాగేష్ మాస్టారు పల్లీల పొట్లం నా ఒళ్ళో పెట్టి, "గంత మొండితనం ఎందుకమ్మా? చేతుల పడ్డదాన్ని పోగొట్టుకున్నవ్" అన్నారు.

"గుండ్రంగా చేసి వెళ్ళుంటే, అక్కడ దాన్ని ఏ మొహం పెట్టుకుని చూసేదాన్ని సార్?" అన్నాను.