ఆ చోట మాట ఉంది

ఆత్మకూరు చుట్టుపక్కల ఎక్కడ పెళ్లి జరిగినా ఆ పాట పాడాల్సిందే. కొత్త దంపతులను గుమ్మం దగ్గర ఆపి, ఆడబిడ్డలు పట్టుబట్టి పాడిస్తారు. "కొండమీది మబ్బు నేను, కురిసిపోదునా" అని పెళ్లికొడుకు అడగాలి. "కురిసేదాకా నమ్మను పో, ఉరుములెన్నో విన్నా" అని పెళ్లికూతురు అనాలి. ఇంత గొప్ప ప్రేమపాట మన సీమలో ఇంకోటి లేదంటారు. అనేవాళ్లకేం, నోరుంది కాబట్టి అంటారు.

ఆ పాట పుట్టింది ఉదయగిరిలో, మా ఇంట్లో, రోటి దగ్గర.

నా పెనిమిటి పెంచలనరసయ్య నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. మా పెళ్లయిన మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. తినడానికి తిండి లేనివాళ్లు నాటకాలేం ఆడిస్తారు? హార్మోనియం గుడ్డ కప్పుకుని మూల కూర్చుంది, ఈయన గడపలో కూర్చున్నాడు. అదే సమయంలో మా అత్త తన కూతురి పురిటికని కలువాయి వెళ్లింది. కొర్రలు దంచడానికి నాకు తోడు లేకపోయింది. ఒక రోట్లో రెండు రోకళ్లు ఆడితేనే ఆ పని తెములుతుంది. ఒకటి లేస్తుంటే ఒకటి పడాలి, లయ తప్పితే రోకలికి రోకలి తగిలి చేతులు జివ్వుమంటాయి. రెండో రోకలి ఆయన పట్టుకున్నాడు. మగవాడు దంచుతున్నాడని తెలిస్తే ఊరంతా నవ్వుతుందని ముందు తలుపు గడియ పెట్టి మరీ పట్టుకున్నాడు.

ఆయన పోటుకు ఆయన ఒక మాట విసిరేవాడు. నా పోటుకు నేను జవాబు విసిరేదాన్ని. ఒక రోజు కొండమీది కోటకు మబ్బు పట్టింది. మా ఊళ్లో మబ్బుకు అదే పని, కొండమీదికి రావడం, నాలుగు ఉరుములు ఉరమడం, ఎటో పోవడం. మా ఆయనా అంతే. చీర తెస్తానన్నాడు, నెల్లూరు చూపిస్తానన్నాడు, రెండూ లేవు. అందుకే ఆయన "కొండమీది మబ్బు నేను" అని ఎత్తుకోగానే నా నోటికి ఉరుముల మాట వచ్చేసింది. ఇద్దరం రోకళ్లు వదిలేసి పడీపడీ నవ్వాం. ఆయన మళ్లీ అందుకున్నాడు.

"ఏరు దాటి వచ్చినాను, ఎదురు రావేమి?"

"ఎదురొచ్చి నిలుచున్నా, చూడనిది నీవే."

అత్త తిరిగి వచ్చేదాకా రోజూ పాడుకుంటూ దంచాం. నేను ఆయన్ని ప్రేమించింది ఆ కొద్ది రోజులే. ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గేం లేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి, నాటకాలు మొదలయ్యాయి. మా పాటను ఆయన నాటకంలోకి ఎక్కించాడు. రాజూ రాణీ తోటలో కలుసుకునే చోట అది పాడతారు. రాజు చరణం హార్మోనియం దగ్గర కూర్చుని తనే పాడేవాడు, రాజు వేషగాడు చేతులు తిప్పేవాడు. రాణి సుందరయ్య. పగలు కొండకర్రతో గరిటెలు చెక్కుకుంటాడు, రాత్రి చీర కట్టి ఆడవేషం వేస్తాడు. మంచివాడు, నన్ను నోరారా వదినా అంటాడు. మా ఊళ్లో మొదటిసారి ఆడినప్పుడు చాప మీద కూర్చుని, నా మాటలు సుందరయ్య నోట వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. చివర్లో నా పేరు చెబుతాడని ఎదురుచూశాను.

చెప్పలేదు. పాట ఎలా పుట్టిందని ఎవరో అడిగితే, సంగం దగ్గర పెన్న ఒడ్డున కూర్చుంటే దానంతటదే పలికిందన్నాడు. మిగతాది జనం అల్లుకున్నారు. ఆత్మకూరులో ఎవరో పిల్లను వలచాడట, ఏరు దాటి వెళ్లింది ఆమె కోసమేనట. ఆ పుకారు విని ఆయన కాదనలేదు, మీసం దువ్వుకున్నాడు. బావి దగ్గర ఆడవాళ్లు నా ముందే "నిప్పు లేందే పొగ రాదు గదా" అనుకునేవాళ్లు. ఇంటికొచ్చి నిలదీశాను.

"రోటి కాడ కట్టిన పాటంటే జనం ఎగబడి వస్తారా? ఆత్మకూరు పిల్లంటే వస్తారు," అన్నాడు.

"దాంట్లో సగం నాది గదయ్యా?"

"సగమేంది, నేనే మొత్తం నీవాణ్ణి గదే."

అదీ ఒక ఉరుమే.

యాభై రెండులో ఆత్మకూరు మోతుబరి రామనారాయణగారు నాటకానికి పిలిపించారు. పెద్ద పందిరి, పెట్రోమాక్సు లైట్లు, చుట్టుపక్కల ఊళ్ల జనం. సరిగ్గా ఆ రోజే సుందరయ్య గొంతు పూర్తిగా పోయింది. పిల్లి కూనలా కీచుమంటున్నాడు. మా ఆయన మొహం మాడిపోయి ఇంటికొచ్చాడు.

"అలివేలూ, నువ్వు తెర ఎనక నిలబడి పాడాల. సుందరయ్య పెదాలు ఆడిస్తాడు. ఈ ఒక్కసారికి నా పరువు కాపాడు."

"పాడతా. కానీ సగం నేను కట్టిందని నలుగుర్లో నా పేరు చెప్పాల."

ఆయన హార్మోనియం మీద చెయ్యి వేశాడు. "పెట్టె మీద ఒట్టు. చెప్తాను."

దేవుడి మీద ఒట్టంటే నమ్మేదాన్ని కాదు. పెట్టె మీద ఆయన ఏనాడూ అబద్ధం ఆడలేదు. అందుకని నమ్మాను.

ఆ రాత్రి ఆత్మకూరు పందిట్లో పక్క తెర వెనక నిలబడితే నాకు ఆయన వీపూ, సుందరయ్య జడా కనిపించాయి. నాలుగు చరణాలూ పాడాం. అంతమంది ముందు నా గొంతు వినడం నాకదే మొదలు. పందిరంతా నిశ్శబ్దమైపోయింది. మా నాటకాల్లో పాట పండిందంటే కథ అక్కడే ఆగిపోతుంది. చచ్చిపడున్న వేషగాడైనా లేచి కూర్చోవాల్సిందే, శాలువా కప్పించుకుని మళ్లీ పాడాల్సిందే. రామనారాయణగారు వేదిక ఎక్కి మా ఆయనకు శాలువా కప్పారు.

"ఏమయ్యా నరసయ్యా, ఇంత పాట యాడ పుట్టింది నీకు?"

నేను పైట సర్దుకున్నాను. తెర వెనక నన్ను చూసేదెవరని? అయినా సర్దుకున్నాను.

"యాడో ఎందుకు దొరా, మీ ఊరి గాలిలోనే పుట్టింది," అన్నాడు మా ఆయన, అదొక రకంగా నవ్వుతూ.

ఈలలు, కేకలు. వన్స్‌మోర్, వన్స్‌మోర్. ఆయన తెర వైపు తిరిగి కూడా చూడలేదు. మళ్లీ పెట్టె తొక్కాడు. ఉరుముల చరణం అలవాటు కొద్దీ నా నోరు పాడేసింది. ఆయన తన రెండో చరణం అందుకున్నాడు.

"ఏరు దాటి వచ్చినాను, ఎదురు రావేమి?"

నేను నోరు మూసుకున్నాను.

తెలిసే మూసుకున్నాను. నలుగుర్లో నా పేరు మింగినవాడి పరువు నలుగుర్లోనే పోవాలి. పెట్టె ఒంటరిగా మూలగాలి, జనం గోల చెయ్యాలి, అప్పుడైనా లేచి తెర ఎత్తి నన్ను చూడాలి. ఆయన స్వరం పట్టుకుని అలాగే తొక్కుతున్నాడు. "ఎదురు రావేమి?" అని ఇంకోసారి పాడాడు. నేను పలకలేదు. పాపం, సుందరయ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, ఏం చెయ్యాలో తోచక పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించేశాడు.

ముందు వరసలో ఒక ముసలాయన గట్టిగా అన్నాడు. "ఆహా, ఏం సిగ్గురా ఆ పిల్లకి! ప్రేమ ముదిరి మాట రాలేదు!"

పందిరి దద్దరిల్లింది. రామనారాయణగారు కళ్లు తుడుచుకున్నారు. మళ్లీ వన్స్‌మోర్ అన్నారు, మళ్లీ నేను పలకలేదు, ఈసారి ఇంకా ఎక్కువ చప్పట్లు కొట్టారు.

తెల్లవారి ఉదయగిరి బస్సులో ఆయన నన్ను తిడతాడని కాచుక్కూర్చున్నాను. తిడితే అనాల్సినవన్నీ వరసగా పెట్టుకున్నాను. ఆయన శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని, నా వైపు తిరిగి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఏం బుర్రే నీది! ఆడ మాట తీసేస్తే ఎంత పండిందో చూసినావా? ఇంకమీదట ఆ చరణం వొద్దు."

"నేను పాడనిది కోపంతోనయ్యా. నీ మీద కోపంతో."

"ఏదైతేనేం, పండింది గదా."

తిట్టినా, కొట్టినా ఇంత మండేది కాదు. సుందరయ్య గొంతు వారం తిరక్కుండానే బాగుపడింది. తర్వాత ఆడిన ప్రతి ఊళ్లోనూ అక్కడ పెట్టె ఒక్కటే పలికేది, రాణి తల దించుకునేది, జనం వెర్రెత్తిపోయేవాళ్లు. "వదినా, నీ చరణం పాడతానంటే అన్న కసిరినాడు," అని సుందరయ్య ఒకసారి గుమ్మంలో నిలబడి చెప్పి, ఒక కొత్త గరిటె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నాటకం నుంచి పాట పెళ్లిళ్లకు ఎక్కింది. ఆ మౌనంతో సహా ఎక్కింది.

పోయిన మాఘంలో సంగంలో మా చుట్టాల పెళ్లికి వెళ్లాం. గుమ్మం దగ్గర జంటను ఆపారు. పెళ్లికొడుకు పాడాడు, పెళ్లికూతురు చెంచులక్ష్మి ఉరుముల జవాబు ముద్దుగా పాడింది. "ఎదురు రావేమి?" అన్నాడతను. ఆ పిల్ల తనకు నేర్పినట్టే నోరు మూసుకుని, కొంగు అడ్డం పెట్టుకుని, తల దించింది. అందరూ మురిసిపోయారు. ఇన్నేళ్లు ఆపుకున్నది ఆ రోజు నా వల్ల కాలేదు. వెనక నుంచి గట్టిగా పాడేశాను.

"ఎదురొచ్చి నిలుచున్నా, చూడనిది నీవే."

అందరూ తిరిగి నా వైపు చూశారు. పెళ్లికొడుకు అవ్వ తిరుపాలమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా పక్కకు లాగింది.

"ఊరుకో అలివేలమ్మా, ఆ చోట మాట లేదు. పాట కట్టినోడి పెళ్లానివి, నీకే తెలవకపోతే ఎట్టా?"

అందరూ నవ్వారు. పందిట్లో తాంబూలం నములుతూ కూర్చున్న మా ఆయన కూడా వాళ్లతో పాటు నవ్వాడు.