రెండో మనిషి

పెళ్లయి రెండు నెలలు కూడా నిండని రూపకు ఆ పొద్దు కనిపించిందల్లా ముద్దొస్తోంది. ఫలక్‌నుమాలో ఎక్కిన ఆటో అద్దానికి వేలాడుతున్న మల్లెదండ ముద్దొచ్చింది. డబ్బాలో మొగుడు డానియేలు కలిపి పెట్టిన పులిహోర ముద్దొచ్చింది. దారిలో రుచి చూస్తే ఉప్పు లేదు. అదీ ముద్దొచ్చింది. ఆ సంబరమంతా లాల్‌దర్వాజా గల్లీలో దిగి, ముసలివాళ్ల ఆశ్రమం మెట్లెక్కేదాకే.

మెట్ల మీద ఆశ్రమంలో పనిచేసే స్వీటీ నడుం పట్టుకుని కూర్చుంది.

"నమస్తే మేడం."

నెల కిందటి దాకా నోరారా అక్కా అని పిలిచిన పిల్ల. రూప ఇక్కడ ఐదేళ్లు ముసలివాళ్లకు నీళ్లు పోసింది, తినిపించింది, పక్కలు మార్చింది. పని చేసుకుంటూనే డిగ్రీ పూర్తి చేసిందని పోయిన నెల ట్రస్టువాళ్లు ఆమెను ఇన్‌ఛార్జిని చేశారు. ఒక గది, ఒక కుర్చీ, గింగిరాలు తిరుగుతూ గాలి మాత్రం ఇవ్వని ఒక ఫ్యాను ఇచ్చారు. ఆమె చేసే పాత పనికి మాత్రం ఎవరినీ పెట్టలేదు.

"నడుముకేమైంది?"

"ఏమైతది? కాశమ్మను ఒక్కదాన్నే లేపిన."

"నేనొచ్చేదాక ఆగకపోయినవానే?"

"అప్పటిదాక ముసలామె తడి పక్క మీదనే ఉండాల్నా? ఇంకో మనిషిని అడుగుమని ఎన్నిసార్లు చెప్పిన? పోయిన వారం ట్రస్టు సేటు వస్తే మీరు బాత్‌రూముల కాశమ్మకు నీళ్లు పోసుకుంట కూసున్నరు. ఆయన చాయ్ తాగి పోయిండు. ఇయ్యాల వస్తుండు. ఇయ్యాల గూడ గట్లనే అయితే నేను రేపటి సంది రాను. సంతోష్‌నగర్‌ల ఒకరింట్ల పిలుస్తున్నరు. చంటిపిల్లను చూసుకునుడే. ఎత్తితే పువ్వు లెక్క లేస్తది."

ఇప్పటికే ఇద్దరు మానేశారు. స్వీటీ కూడా పోతే రూప మళ్లీ బకెట్టు పట్టుకోవాల్సిందే. ఆమె ఏదో అనబోయేలోగా లోపలి నుంచి కేక వినపడింది.

"రూపా! ఈ పోరి కాచిన జావ ముద్దలు కట్టింది. నువ్వు రా బిడ్డా!"

పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన కాశమ్మ గొంతు మాత్రం ఇంటి కప్పు లేపేస్తుంది. రూప అలవాటుగా పరుగెత్తి చెంచా అందుకుంది. వెనకే కుంటుకుంటూ వచ్చింది స్వీటీ.

"రోజూ మీరే తినిపిస్తే నా చేతుల ఎప్పుడు తింటది?"

ఆ మాట నిజమే కాబట్టి రూపకు ఒళ్లు మండింది. బదులు చెప్పేలోగా గల్లీలో స్కూటరు ఆగింది. పప్పుల హోల్‌సేల్ కొట్టు నడిపే వైకుంఠం సేటు, ట్రస్టుకు పెద్ద. రూప చెంచా స్వీటీకిచ్చి ఆయన్ని తన గదిలోకి తీసుకెళ్లింది.

"కూసో రూపమ్మా. కొత్త పెళ్లికూతురివి. అల్లుడు మంచిగ చూసుకుంటుండా?"

"మస్తు మంచిగ చూసుకుంటుండు. సేటూ, ఒక మాట..."

"నీ గురించే అందరికి చెప్తున్న. ఇన్‌ఛార్జి అయినా చీపురు విడువలే అని!"

"ఇంకో మనిషి కావాలె సేటూ. కాశమ్మను లేపాల్నంటే ఇద్దరుండాలె. స్వీటీ నడుం పోయింది."

వైకుంఠం విడ్డూరంగా చూశాడు. "ఉన్నరు కదమ్మా ఇద్దరు. స్వీటీ, నువ్వు."

ఈ నెలంతా రూప పరుగెత్తిన పరుగులన్నీ కలిపి ఆయనకు ఈ జవాబు అమర్చిపెట్టాయి.

"రూపా! ఏడ సచ్చినవే!" లోపల కాశమ్మ ఏడుపు అందుకుంది.

రూప కాళ్లు వాటంతటవే లేచాయి. వైకుంఠం కూడా నవ్వుతూ హెల్మెట్ తీసుకున్నాడు. "పో, పో. మల్ల మాట్లాడుకుందాం."

రూప మళ్లీ కూర్చుంది.

"పోను సేటూ."

"అరె! ముసలామె ఏడుస్తున్నది!"

"స్వీటీ ఉన్నది, చూసుకుంటది. నేను లేస్తే మీరు పోతరు. మీరు పోతే స్వీటీ పోతది. ఈ వారం దాటినంక నేను ఆ పనికి చెయ్యి పెట్టను. మా అమ్మను పక్క మీదనే ఎందుకుంచిండ్రని కాశమ్మ కొడుకు అంజన్న అడిగితే మీకు ఫోన్ కలుపుత. మీరే చెప్పుండ్రి."

"బెదిరిస్తున్నవా?"

"లేదు. మీరిచ్చిన పనే చేస్తున్న."

"పెద్ద ఆఫీసరైందట! నన్ను మరిచింది!" గోడ అవతల కాశమ్మ శాపనార్థాలు మొదలుపెట్టింది. ఐదేళ్లలో ఆ పిలుపుకు రూప పలకకపోవడం ఇదే మొదలు. కుర్చీ అంచు పట్టుకున్న వేళ్లు నొప్పి పెట్టాయి.

ఆ ఏడుపు వినలేక వైకుంఠమే ముందు దిగొచ్చాడు. "గింత రాయి ఎట్లయినవమ్మా? సరే. మా కొట్టుల ఊడ్చే పుష్పమ్మ మరదలు పని అడుగుతున్నది. సోమవారం పంపిస్త. పొద్దటిపూటకే, ఇనవడ్డదా?"

"మధ్యాహ్నం కూడా..."

అప్పటికే ఆయన మెట్లు దిగుతున్నాడు.

రూప లోపలికి వెళ్లి స్వీటీకి చెప్పింది.

"ఒక్క పూటకేనా?"

"మిగిలింది మల్ల అడుగుత."

"సోమవారం దాక చూస్త. ఆ మనిషి రాకుంటే పోత," అంది స్వీటీ. కృతజ్ఞతలేమీ లేవు.

కాశమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది. రూప గిన్నె కోసం చెయ్యి చాపితే స్వీటీ దాన్ని పక్కకు జరిపింది.

"మీరు బయటికి పొండ్రి. మీరు కనపడితే నా చేతుల తినదు."

"పోనియ్ దాన్ని," అంది కాశమ్మ గోడకు.

రూప వరండాలో నిలబడింది. గెలిచినట్టా, ఓడినట్టా? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదు.

"నోరు తెరువు అవ్వా."

"తెరువను."

"తెరువకు. నేనే తాగుత. నాకూ ఆకలైతున్నది."

గిన్నెకు చెంచా తగిలిన శబ్దం వినిపించింది. ముందు ఒక చెంచా మంచినీళ్లు పట్టాలి, తల కింద ఇంకో మెత్త పెట్టాలి, లేకపోతే పొలమారుతుంది. రూప తలుపు కొంచెం తీసి చూసింది. మెత్త పెట్టే ఉంది. నీళ్ల గ్లాసు పక్కనే ఉంది. కాశమ్మ స్వీటీ చేతి జావ మింగుతోంది.

చెప్పడానికి ఏమీ మిగల్లేదు. రూప పళ్లు బిగించి తన గదిలోకి నడిచి, కుర్చీలో కూలబడింది.