పాలకు తెల్లరంగు

గోడ నుంచి గోటితో గిల్లిన పెచ్చు ఒకటి తెచ్చి చేతిలో పెడితే చాలు, అదే రంగుని మళ్ళీ పుట్టించి డబ్బాలో పోసి ఇవ్వగలడు అతను. పెయింట్ల షాపులో పద్నాలుగేళ్ళుగా అదే పని. మిషను చెప్పిన కొలతకి రంగు కుదరకపోతే మిషన్ని నమ్మడు. సూదిమొనంత నలుపు, అందులో సగం ఎరుపు వేసి కలిపి, అట్టముక్క మీద పూసి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, గుమ్మం దగ్గరికెళ్ళి ఎండలో చూసుకుంటాడు. "అతుకు ఎక్కడుందో ఇల్లు కట్టినవాడికి కూడా తెలీకూడదు" అంటాడు. అంత గొప్ప కన్ను అతనిది. ఆ కన్నుతోనే కన్నకూతురి కడుపు కొట్టాడు. చెప్పుకోవడానికే రోత పుట్టే సంగతి ఇది, కానీ జరిగింది.

పిల్లకి ఐదున్నరేళ్ళు. ఇంట్లో పిట్ట అంటారు. మునివేళ్ళ మీద ఎగిరెగిరి నడుస్తుందని పెట్టిన ముద్దుపేరు. ఆటిజం అని డాక్టరమ్మ రాసిచ్చి రెండేళ్ళయింది. మాటలు తక్కువ, విన్నమాటని విన్నట్టే తిప్పి అప్పజెప్పడం ఎక్కువ. తినేవి నాలుగే నాలుగు: అంచులు తీసిన తెల్ల బ్రెడ్డు, ఉడికించిన బంగాళాదుంప, మచ్చలేని అరటిపండు, పాలు. అందులో మొదటి మూడూ మూడ్ని బట్టి. పాలు మాత్రం రోజుకి నాలుగు గ్లాసులు, ఎప్పుడూ కాదనేది కాదు. ఇంటిల్లిపాదీ ఆ నాలుగు గ్లాసుల మీదే ధైర్యంగా బతుకుతున్నారు.

డాక్టరమ్మ మొదటిరోజే తేటతెల్లంగా చెప్పింది. "మందుతో మాయమయ్యేది కాదిది. రోజూ పిల్లతో కింద కూర్చోండి. ఆడండి, మాట్లాడండి. మెల్లిగా వస్తుంది." మెల్లిగా అన్నమాట ఎవరికి కావాలి? మునిగేవాడికి గడ్డిపోచ కావాలి, ఈదడం నేర్పుతానంటే వింటాడా?

ఆ గడ్డిపోచ భార్య ఫోన్లో దొరికింది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాస్తుంది. ఖాళీ దొరికినప్పుడల్లా ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల గ్రూపు చూస్తూ ఉంటుంది. అందులో ఒకాయన మూడు డబ్బాలు అమ్ముతున్నాడు. ఆయన పేరేదో ఉంది గానీ ఇంట్లో మాత్రం డబ్బాలాయనే. గొంతు విన్నారూ, చెవిలో నూనె పోసినట్టు ఉంటుంది.

"అమ్మా, పేగు శుభ్రమైతే బుర్ర శుభ్రమైనట్టే. నలభై రోజులు. కాకపోతే తల్లిదండ్రులకి పట్టుదల ఉండాలి. అది లేనివాళ్ళకి నేను ఇవ్వనే ఇవ్వను."

పట్టుదల లేని తల్లిదండ్రులమని ఎవరొప్పుకుంటారు? అక్కడే ఉంది వాడి కిటుకు. ఫలితం వస్తే డబ్బాది గొప్ప, రాకపోతే కన్నవాళ్ళది తప్పు. ఇంత నీచమైన వ్యాపారం పిల్లల చేతిలో చాక్లెట్టు లాక్కునేవాడు కూడా చెయ్యడు.

డబ్బాలు వచ్చాయి. ఒకదాంట్లో ఆవపిండి రంగు పొడి. మూత తీస్తే తడి గుడ్డ మూలన పడేసి వారం మరిచిపోయిన కంపు. రెండోదాంట్లో చేపనూనె మాత్రలు. వాటిని సూదితో గుచ్చి చుక్కలుగా పిండాలి. మూడోదాంట్లో ఏముందో దేవుడికెరుక, డబ్బాలాయనక్కూడా తెలిసినట్టు లేదు. రెండురోజుల్లో వంటింటి తువ్వాలు, తలుపు పిడి, అతని చొక్కా జేబు అన్నీ అదే వాసన. షాపులో టర్పెంటైన్ వాసనకి చలించని ముక్కు ఇంటికొచ్చేసరికి ముడుచుకుపోయేది.

మొదటిరోజు చెంచాడు పొడి వేసేసరికి పాలు పాత కాగితం రంగుకి తిరిగాయి. పిట్ట చూసింది. గ్లాసుని రెండు చేతులతో ఎత్తి బల్లకి ఆ చివర పెట్టేసి, వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఇవి నా పాలు కావు, అంతే.

భార్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అతను మాత్రం మొదటిసారి నవ్వాడు.

"రంగేగా సమస్య? రంగు సంగతి నాకొదిలెయ్."

పసుపుఛాయని చంపాలంటే నీలం తగిలించాలి. తెల్లబట్టలకి నీలిమందు పెట్టే ప్రతి ఇల్లాలికీ తెలిసిన విద్యే. కేకుల్లో వేసే నీలంరంగు సీసా కొనుక్కొచ్చాడు. అగ్గిపుల్ల చివర ముంచి, దాన్ని నీళ్ళలో కడిగి, ఆ నీళ్ళలోంచి రెండే చుక్కలు వేశాడు. వాసన కప్పడానికి వెనిల్లా. కిటికీ దగ్గర రెండు గాజుగ్లాసులు పక్కపక్కన పెట్టాడు. ఒకటి అచ్చమైన పాలు, రెండోది తను దిద్దినవి.

"ఏది ఏదో చెప్పు చూద్దాం."

ఆవిడ వంగి చూసింది, లేచి చూసింది. చెప్పలేకపోయింది. "అబ్బ, ఏం పనితనమండీ మీది!" అంది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆవిడ అతన్ని అలా చూసింది లేదు. పిల్ల విషయంలో రెండేళ్ళుగా అతనికి చేతకానివే గానీ చేతనైంది ఒక్కటీ కనబడలేదు. పిలిస్తే చూడదు, ఎత్తుకుంటే గింజుకుంటుంది. ఇన్నాళ్ళకి తన పనితనం తన బిడ్డకి పనికొచ్చిందని ఛాతీ పొంగింది. పాపం, ఆ పొంగు చూస్తే జాలేస్తుంది గానీ, జాలిపడి వదిలేసే తప్పు కాదు అది.

పిట్ట తొమ్మిది రోజులు తాగింది. పదోరోజు పొద్దున గ్లాసులో వేలు ముంచింది, వేలు వాసన చూసింది, గ్లాసు తీసుకెళ్ళి బల్లకి ఆ చివర పెట్టింది. తెల్లనివన్నీ పాలు కావని లోకానికి తెలుసు, ఐదున్నరేళ్ళ పిల్లకీ తెలుసు. తెలియనిది రంగులు కలిపే ఈ మహానుభావుడొక్కడికే. ఆ పిల్లకి మొదట్నుంచీ కంటికంటే ముక్కే పెద్దదని ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు.

భార్య డబ్బాలాయనకి ఫోన్ చేసింది.

"ఇప్పుడు ఆపితే మొదటికొస్తుందమ్మా. మారాం చేస్తోందంటే లోపల పని జరుగుతోందన్నమాట. ఒకళ్ళు చేతులు పట్టుకోండి, ఒకళ్ళు ముక్కు మూయండి. మూడు సెకన్లు. నోరు అదే తెరుచుకుంటుంది."

అలాగే చేశారు. తల్లి వెనకనుంచి రెండు చేతులూ పట్టుకునేది. తండ్రి ముక్కు మూసేవాడు. నోరు తెరవగానే పోసేవాడు. "అయిపోయింది, అయిపోయింది, మంచి పిల్లవి కదూ" అనేవాడు. సగం మింగేది, సగం మెడమీదుగా గౌనులోకి కారేది. రోజుకి రెండుసార్లు చొప్పున రెండువారాలు. చెయ్యి తడబడితే మళ్ళీ ఒకసారి. ఇంతా చేసి, గ్రూపులో "ఇరవై మూడోరోజు, పట్టుదలగా ఉన్నాం" అని చేతులు జోడించిన బొమ్మతో సహా పెట్టింది ఆవిడ. దానికి అరవైమంది శభాష్ అన్నారు.

ఇదంతా జరుగుతుండగానే డాక్టరమ్మ చెప్పిన ఆట కూడా నడుస్తోంది. వారానికి రెండుసార్లు ఆటల టీచరు వచ్చేది. చిన్న వయసు, పెద్ద ఓపిక. చాప పరిచి, పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసేది. ముందు చెక్కదిమ్మలు, "నీ వంతు, నా వంతు". తర్వాత బంతి. చివర్న బొమ్మ. బొమ్మకి అన్నం పెట్టడం, బొమ్మని పడుకోబెట్టడం. దిమ్మల దగ్గర పిట్టకి బాగానే ఉండేది. బొమ్మని మాత్రం ముట్టేది కాదు. "ఉత్తుత్తి ఆట రావాలండీ. అదొస్తే చాలా దూరం వచ్చినట్టే. తొందరలేదు" అనేది టీచరు.

ఒకనాటి సాయంత్రం తల్లీ తండ్రీ ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. టీచరు బొమ్మని చాప మీద కూర్చోబెట్టి, ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "బొమ్మకి ఆకలేస్తోంది" అంది. పిట్ట బొమ్మవైపు చూసింది. చెయ్యి చాపింది. బొమ్మని అందుకుంది.

"వీడియో, వీడియో తియ్యండి!" భార్య గుసగుసలాడింది. అతను ఫోన్ ఎత్తాడు. రెండేళ్ళుగా ఎదురుచూసిన క్షణం మరి.

పిట్ట బొమ్మని వెల్లకిలా పడుకోబెట్టింది. దాని రెండు చేతుల మీదా మోకాలు పెట్టి అదిమింది. రెండువేళ్ళతో ముక్కు మూసింది. ఖాళీ గ్లాసుని దాని మూతికి గట్టిగా ఆనించి వంచింది. "అయిపోయింది, అయిపోయింది, మంచి పిల్లవి కదూ" అంది. అచ్చం తండ్రి గొంతు. అదే బుజ్జగింపు, అదే తొందర. తర్వాత బొమ్మ మెడ తుడిచింది. మళ్ళీ ముక్కు మూసింది.

టీచరు ముఖంలో వచ్చిన సంతోషం వచ్చినట్టే పోయింది. చేతిలో పెన్ను కింద పెట్టేసింది.

"పిట్టకి ఇంట్లో పాలు ఇలా తాగిస్తున్నారా?"

భార్య తలొంచుకుని డబ్బాల సంగతంతా చెప్పేసింది. ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. తెరమీద తన కూతురు బొమ్మ ముక్కు మూస్తుంటే, అతనికి తన చేతివేళ్ళు తెగి పడిపోతే బాగుండుననిపించింది.

టీచరు కేకలెయ్యలేదు. "ఉత్తుత్తి ఆట వచ్చిందండీ. చూసిందే ఆడింది" అని పెట్టె సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ డబ్బాల సంగతి డాక్టరుగారికి చెప్పండి, ఇవాళే" అనేసి వెళ్ళింది.

భార్య వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసు పాలు పోసింది. పొడి, నూనె, వెనిల్లా, నీలం అన్నీ లెక్కప్రకారం వేసింది. తెచ్చి అతని ముందు పెట్టింది.

"దీన్ని ఎప్పుడైనా తాగి చూశారా?"

"లేదు."

"నేనూ చూళ్ళేదు."

రంగులు కలిపేవాడు రంగుని రుచి చూడడు కదా. గుక్కెడు నోట్లో పోసుకున్నాడు. ముందు తీపి, దాని వెనకే కుళ్ళిన చేప, దాని వెనక ఇనప మేకు నాకినట్టు ఏదో. నాలిక మీద జిగట. సింకు దగ్గరికి చేరేలోపే కక్కుకున్నాడు. ఆవిడ గ్లాసు అందుకుని తనూ ఒక గుక్క తాగింది. వాంతి రాలేదు ఆవిడకి, వస్తే బాగుండునని చాలాసేపు అలా సింకు పట్టుకుని నిలబడింది.

"పాలల్లో నీళ్ళు కలిపేవాడు మీకంటే నయమండీ" అంది చివరికి. "నాకంటే కూడా."

డబ్బాలు మూడూ చెత్తలోకి పోయాయి. డబ్బాలాయన ఫోన్ చేశాడు. "నలభై పూర్తికాకుండా ఆపేస్తే మరి నన్నడక్కండి" అన్నాడు. అతను నోటికొచ్చినన్ని తిట్లు తిట్టి పెట్టేశాడు. తిట్టాక తేలికపడాలి కదా, పడలేదు. ముక్కు మూసింది డబ్బాలాయన వేళ్ళు కావు.

డబ్బాలు పోయినంత సులువుగా వాటి వాసన పిల్ల మనసులోంచి పోతుందా? పిట్ట ఇప్పుడు అచ్చమైన పాలు కూడా ముట్టడం లేదు. గ్లాసు మారిస్తే ముట్టలేదు, పాలు మారిస్తే ముట్టలేదు. రెండు బంగాళాదుంపలు, ఒక బ్రెడ్డు ముక్క, మంచినీళ్ళు. డాక్టరమ్మ తూకం వేసి కళ్ళజోడు తీసింది. "రెండు కిలోలు తగ్గింది. ఈ వారంలో కాస్తయినా తాగకపోతే ఆసుపత్రిలో చేర్చి గొట్టంతో పట్టాల్సి వస్తుంది" అంది. ముక్కులోంచి గొట్టమట. వింటూనే అతను కుర్చీలోంచి లేచిపోయాడు.

మర్నాడు షాపుకి సెలవు పెట్టాడు. పొద్దున్నే భార్య పనికి వెళ్ళాక పాలప్యాకెట్టు విప్పకుండా పట్టుకొచ్చి పిట్ట ముందు బల్లమీద పెట్టాడు. పక్కన ఖాళీ గ్లాసు, కాగితాలు కత్తిరించే మొద్దు కత్తెర. తను గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

చాలాసేపటికి పిట్ట వచ్చింది. ప్యాకెట్టుని నొక్కింది, తిప్పింది, నాలుగు అంచులూ వాసన చూసింది. అది మూసి ఉంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు. కత్తెర అందుకుంది. సగం బల్లమీద, సగం గ్లాసులో పోసుకుంది. తుడుద్దామని అతని చెయ్యి దానంతటదే లేచింది.

పిట్ట గ్లాసు వదిలేసింది. దగ్గరికొచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ముఖం వంక చూడలేదు, చేతినే చూసింది. లాక్కుంటూ గుమ్మం దాకా తీసుకెళ్ళి, చేతిని గుమ్మం అవతల వదిలింది. చేతితోపాటు అతనూ వెళ్ళాడు. తలుపు దగ్గరికి వేసుకుంది. గొళ్ళెం దానికందదు.

మెట్లమీద కూర్చుని తలుపుకి చెవి ఆనించాడు. ముందు ఏమీ లేదు. తర్వాత గుటక. ఇంకో గుటక. అతను నోట్లో చొక్కా కుక్కుకుని ఏడ్చాడు.

భార్య ఉండబట్టలేక గంట పర్మిషన్ అడిగి వచ్చేసింది. మొగుణ్ణి మెట్లమీద చూసి హడలిపోయింది.

"ఏమైందండీ? దాని దగ్గరెవరున్నారు?"

"ఎవరూ లేరు. పాలు తాగుతోంది."

ఆవిడ ముఖం విప్పారింది. తలుపు తొయ్యబోయింది. అతను కొంగు పట్టుకుని ఆపాడు.

"నేను దాని తల్లినండీ!"

"వెనకనుంచి చేతులు పట్టుకున్నదెవరో దానికి తెలీదనుకున్నావా?"

ఆవిడ చెయ్యి తలుపు మీంచి జారింది. మెట్టుమీద అతని పక్కనే కూలబడింది. లోపల గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడైంది. ఇద్దరూ లేవలేదు.

"పిలుస్తుందంటారా?"

"తలుపు తీస్తే వెళ్దాం" అన్నాడు. "అదే తియ్యాలి."