లోపలి గోడ నుంచి గుమ్మం దాకా

నాలుగో వరుసలో మొదటి టైలును మేస్త్రి రెండు చేతులా ఎత్తి సిమెంటు మాలు మీద మెల్లగా దించాడు. రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టాడు. తర్వాత వేలి కణుపుతో కొట్టి, తల వంచి చెవి ఒగ్గాడు. గట్టి చప్పుడే వచ్చింది. డొల్లగా మోగిందంటే ఆ టైలు ఎంత ముచ్చటగా కూర్చున్నా పైకి లేవాల్సిందే. పరాయి వాళ్ల ఇళ్లలోనే ఆ పట్టింపు వదలని మనిషి, సొంత ఇంట్లో వదులుతాడా? నాలుగో మూలను ఇంకో రెండుసార్లు ఎక్కువే కొట్టి విన్నాడు.

ఆరో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు అది. సెలవు రోజుల్లో ఒక్కడే వచ్చి పడకగది, వంటగది పూర్తి చేశాడు. మిగిలింది ముందు గది ఒక్కటే. నేల పరిచేవాళ్లు ఎప్పుడూ లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం దగ్గర ముగిస్తారు. ఆఖరి టైలు పెట్టేసరికి మేస్త్రి గుమ్మం బయట ఉంటాడు. మళ్లీ ఒక పగలూ ఒక రాత్రీ గడిచేదాకా ఆ నేల మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. ముప్పై ఏళ్లుగా అతను ఈ నగరంలో అలాగే ఒక్కో ఇంట్లోంచి బయటికి వస్తూ ఉన్నాడు. అతను నేల పరిచిన ఇళ్లన్నీ ఒకచోట చేరిస్తే చిన్న ఊరవుతుంది. ఆ ఊళ్లో అతన్ని మళ్లీ లోపలికి పిలిచి కూర్చోమన్న ఇల్లు ఒక్కటి లేదు.

మనిషి పొట్టి. పైగా పని వంచేసింది. మోకాళ్ల మీద కాయలు కాసి నల్లబడ్డాయి. కూర్చున్నవాడు లేవాలంటే రెండు విడతల్లో లేస్తాడు. గోడ పట్టుకుని ముందు సగం లేచి, కాసేపు ఊపిరి పీల్చుకుని, మిగతా సగం లేస్తాడు. సిమెంటు తిని తిని వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. ఆ నున్నటి వేళ్లే రెండేళ్ల క్రితం కొంప ముంచాయి. ఇల్లు రాయించుకునే ఆఫీసులో వేలిముద్ర యంత్రం అతన్ని మనిషిగా ఒప్పుకోలేదు. చేతులు కడుక్కుని రమ్మన్నారు, కడుక్కొచ్చాడు. తుడుచుకోమన్నారు, తుడుచుకున్నాడు. పది వేళ్లూ వరుసగా పెట్టి చూపించాడు. వెనక బారులో నిలబడ్డవాళ్లు విసుక్కోవడం మొదలుపెట్టారు. ఎలాగూ అతని కూలి బతుకుకి లోను ఇచ్చే బ్యాంకు లేదు, అది బామ్మర్ది పేరు మీదే తీసుకున్నారు. అప్పుడు బామ్మర్ది చెవిలో అన్నాడు.

"ఇల్లు కూడా నా పేరు మీదే రాయించేద్దాం బావా. తర్వాత తీరిగ్గా మార్చుకుందాం. మన మధ్య కాగితాలేంటి?"

నిజమే కదా అనుకున్నాడు మేస్త్రి. బామ్మర్ది అంటే భార్యకు తోడబుట్టినవాడే అయినా, తొమ్మిదేళ్ల వయసులో తల్లి పోయి వీళ్ల దగ్గరికి వచ్చినవాడు. వీళ్లుండే అద్దె గదిలో ఇద్దరు పడుకుంటే మూడో మనిషి నిలబడాలి. వాడి చదువు అయ్యేదాకా ఆ నిలబడాల్సిన మనిషి మేస్త్రే, వరండాలో చాప వేసుకున్నాడు. వాడు ఆఫీసు ఉద్యోగస్తుడై వేరే కాపురం పెట్టాకే మళ్లీ గదిలోకి వచ్చాడు. అలాంటివాణ్ణి కాగితం అడగడానికి నోరెలా వస్తుంది? ముప్పై ఏళ్లు దాచిందంతా వాడి చేతిలో పోశాడు. నెల నెలా కట్టాల్సింది భార్యాభర్తలిద్దరూ కడుపు కట్టుకుని కడుతున్నారు.

భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఇంటి పని మొదలైనప్పటి నుంచి, ఇవాళ ఎంతవరకు వచ్చిందని అతను అక్కణ్ణుంచి వచ్చినప్పుడల్లా అడిగేది. మంచం ఏ గోడకి వేయాలన్నదాని మీద ఇద్దరికీ పోట్లాట కూడా అయింది. ఈ వారంగా మాత్రం ఆవిడ ఏమీ అడగడం లేదు. పొద్దున అన్నం డబ్బా చేతికిచ్చి, అతను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. పాపం బాగా అలిసిపోతోంది, ఇంట్లో దిగాక కొన్నాళ్లు పని మాన్పించాలి అనుకున్నాడు.

మధ్యాహ్నం ఏడో వరుసలో ఉండగా గుమ్మం దగ్గర అలికిడైంది. కుర్ర దంపతులు. అబ్బాయి చేతిలో కొలత టేపు ఉంది. తడి నేల చూసి ఇద్దరూ బయటే ఆగారు. కర్టెన్లకి కిటికీ కొలత కావాలని ఆ అమ్మాయి అడిగింది. పక్క ఫ్లాటేమో చూసుకోమన్నాడు మేస్త్రి.

"ఇదేనండీ, మేం కొనుక్కున్న ఇల్లు. వచ్చే నెల దిగిపోతున్నాం. ఓనరు గారు మీ గురించి చెప్పారు. మా మేస్త్రి చేతి పని చూడండి, నేల చూసే మురిసిపోతారు అన్నారు. నిజమేనండీ, అద్దంలా ఉంది."

మేస్త్రి ఓనరు పేరు అడిగాడు. బామ్మర్ది పేరే చెప్పారు. ఎంత వెతికినా వాళ్ల ముఖాల్లో మోసం లేదు. కొత్త ఇంటి సంతోషం తప్ప ఇంకేమీ లేదు. రెండేళ్లుగా తనకూ భార్యకూ ఉన్న సంతోషం అది.

తడి ఆరకుండా కిటికీ దాకా ఎవరూ పోలేరు. అమ్మాయి చిన్నబుచ్చుకుంది. వెడల్పు నాలుగున్నర అడుగులు, ఎత్తు నాలుగు అని మేస్త్రి కూర్చున్నచోటి నుంచే చెప్పాడు. చూడకుండా ఎలా చెప్పగలిగారని ఆ అబ్బాయి ఆశ్చర్యపోయాడు. భార్య మూడుసార్లు కొలిపించిందని అతను చెప్పలేదు. వాళ్లు థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు.

మేస్త్రికి కోపం రగిలింది. బామ్మర్ది ఇల్లు అమ్మినందుకంటే, 'మా మేస్త్రి' అన్నందుకు. మా బావ అనడానికి వాడికి నామోషీ అయింది. వరండాలో వేసుకున్న చాప కూడా కూలి కిందే జమ కట్టాడన్నమాట. సుత్తి చేతిలోనే ఉంది. మాలు ఇంకా పచ్చిగానే ఉంది. తలుచుకుంటే గంటలో ఏడు వరుసలూ పెళ్లగించి పారేయొచ్చు.

సుత్తి ఎత్తాడు కూడా. తీరా అది వెళ్లి, కలిపిన మాలు గట్టిపడుతోందేమోనని గమేళాలోనే తట్టి చూసింది. కాసిన్ని నీళ్లు చల్లి కలిపి, ఎనిమిదో వరుస మొదలుపెట్టాడు. రెండో టైలు డొల్లగా మోగింది. వదిలేస్తే ఏడాది దాకా ఎవరికీ తెలియదు. తెలిసేనాటికి ఆ ఇల్లు ఎవరిదో, తను ఎక్కడో. కోపం వదిలేయమంటూనే ఉంది. అతను టైలు లేపి, అడుగున సిమెంటు పాలు పోసి మళ్లీ పెట్టాడు. చేతులకి ఇంకో రకంగా పని చేయడం రాదు. ఆ చేతుల మీద అతనికి ఒళ్లు మండింది.

డబ్బా మూత తీయలేదు. సాయంత్రం ఆఖరి వరుసకి వచ్చేసరికి బామ్మర్ది తాళంచెవి కోసం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద దుమ్ము పడకుండా వరండా గోడకి దూరంగా నిలబడ్డాడు. కొన్నవాళ్లు వచ్చి వెళ్లారని బావ ముఖం చూడగానే అర్థమైంది.

"నేనే చెబుదామనుకున్నా బావా."

ఎప్పుడని అడిగితే, అది వదిలేసి గడగడా చెప్పుకొచ్చాడు. ధర పెరిగిందట. ఇంతకంటే మంచి బేరం మళ్లీ రాదట. వాడి భార్యకి ఆఫీసు దగ్గర ఇల్లు కావాలట, ఈ లోను పేరు మీద ఉండగా ఇంకోటి ఇవ్వరట. బావ పెట్టిందంతా పైసాతో సహా తిరిగిచ్చేస్తాడట. రెండేళ్ల కిందటి ఆ డబ్బుకి ఇప్పుడు ఈ భవనంలో స్నానాలగది కూడా రాదని ఇద్దరికీ తెలుసు. మేస్త్రి విన్నాడో లేదో, ఆఖరి టైలు అంచు గీసి కోశాడు.

"వాళ్లతో నేను నీకేమవుతానని చెప్పావురా?"

మేస్త్రి గుమ్మం బయట మోకాళ్ల మీద కూర్చుని ఆ టైలు పెట్టి, నాలుగు మూలలా తట్టి విన్నాడు. గట్టి చప్పుడు. గోడ పట్టుకుని సగం లేచి ఆగాడు.

"సరే, నా సంగతి పోనీ. మీ అక్క ఏమైపోతుందో ఆలోచించావా? ఆవిడకి ఎవరు చెబుతారు?"

"అక్కకి తెలుసు బావా."

మేస్త్రి మిగతా సగం లేవలేకపోయాడు.

"పోయిన వారమే చెప్పాను. చాలా ఏడ్చింది. నీకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దంది. నేల పూర్తయ్యేదాకా ఆగరా, ఆ ముచ్చటైనా తీరనివ్వు అంది."

తమ్ముణ్ణి తిట్టి ఉంటుందా? తిట్టి, కళ్లు తుడుచుకుని, మర్నాడు తనకి డబ్బా కట్టి ఉంటుంది. ఏడు పొద్దులు కట్టింది. జాలిపడిందో, తమ్ముడి పక్కన నిలబడిందో మేస్త్రికి తేలలేదు. ఏదైనా సరే, బామ్మర్ది చేసిన గాయం ఇప్పుడు చిన్నదైపోయింది. ఈ లోకంలో తనతో ఒక్క మాటా దాచని మనిషి ఒకరున్నారనుకున్నాడు. ఆ ఒక్కరూ లేరు.

తాపీ, సుత్తి కడిగి సంచిలో వేసుకున్నాడు. తలుపు దగ్గరికి లాగి తాళం వేసి, తాళంచెవి బామ్మర్ది చేతిలో పెట్టాడు. రేపు సాయంత్రం దాకా ఎవర్నీ అడుగు పెట్టనివ్వొద్దని చెప్పాడు. ఎవరికైనా చెప్పే మాటే. లిఫ్టు వైపు చూడకుండా మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

మూడో అంతస్తు దగ్గర అరికాలికి ఇసుక గుచ్చుకుంటే కిందికి చూసుకున్నాడు. ఉత్త కాళ్లు. సామాను తడి నేలకి అవతల మర్చిపోవడం పని కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటు. ముప్పై ఏళ్లలో అతను ఒక్కసారీ చేయలేదు. వెనక్కి తిరగకుండా దిగిపోయాడు. వీధిలోకి వెళ్లి, ఇంటికి ఏ వైపు నడవాలో తెలియనట్టు కొంచెంసేపు నిలబడి, జనంలో కలిసిపోయాడు.

పైన, తాళం వేసిన ఇంట్లో, పడకగది కిటికీ కింద, మడమలు అరిగిన చెప్పుల జత ఒకటి గోడవైపు ముఖం పెట్టి ఉంది, ఇంట్లో మనిషి ఉన్నట్టుగా.