ఏం లేదంటే ఎంత?

బీరువాలు మోసీ మోసీ అతనికి బీరువా అన్న పేరే స్థిరపడిపోయింది. అంతటి మనిషీ గజ్జల్లో దిగిన హెర్నియాను తువ్వాలు బిగించి నెలల తరబడి దాచాడు. ఎవరడిగినా ఒకటే జవాబు: "ఏం లేదు." నొప్పి ఉందని ఒప్పుకుంటే భార్య మోతపని మాన్పించి ఇంట్లో కూర్చోబెడుతుందని భయం. చివరికి ఉతకడానికి తువ్వాలు వెతికిన ఆమెకే దొరికిపోయాడు.

ఆపరేషన్ గదిలో మత్తు డాక్టరమ్మ వీపు వంచమంది.

"వెన్నులో సన్నటి సూది. నడుం కింద ఏమీ తెలీదు. మీరు మెలకువగానే ఉంటారు."

సూది దిగింది. కాసేపటికి ఎదురుగా ఎవరిదో బండకాలు గాల్లోకి లేచింది. నర్సు దానికి మందు పూస్తోంది.

"అమ్మా, ఆ కాలు ఎవరిదో వాళ్ళకిచ్చెయ్యండి. నా మీద పడేలా ఉంది."

"మీదేనండీ!"

అతను దాన్ని ఎగాదిగా చూశాడు. వేళ్ళను ఎక్కడో చూసినట్టే ఉంది.

సాయంత్రం వార్డులో కాళ్ళు తిరిగొచ్చాయి. వాటి వెనకే నొప్పీ దిగబడింది.

"సున్నా నుంచి పదిలో ఎంతుంది?" అని అడిగింది నర్సు. "పదంటే భరించలేనంత."

"సున్నా."

నుదుటి నిండా చెమట. పట్టుకున్న మంచం ఊచ కిర్రుమంటోంది. అప్పుడే భార్య లోపలికొచ్చింది.

"ఎలా ఉందయ్యా?"

"ఏం లేదు, ఏం లేదు."

"సిస్టరమ్మా, తొమ్మిది!" అందామె. "ఒకసారి ఏం లేదంటే నాలుగో అయిదో. రెండుసార్లంటే ప్రాణం పోతోందని."

నర్సు నవ్వాపుకుంది. "బావుందమ్మా. కానీ ఇవ్వాల్సింది మార్ఫిన్, మామూలు నొప్పి ఇంజెక్షన్ కాదు. ఎంత నొప్పో ఆయన నోటితోనే చెప్పాలి."

"చెప్పు," అంది భార్య.

"చెబితే పని మాన్పిస్తావు."

"మొన్న నువ్వు గోడ పట్టుకుని నిలబడితే బల్లిని చూస్తున్నావనుకున్నా. అన్నిసార్లూ కనిపెట్టలేను. నాకు భయమేస్తోందయ్యా."

"నాలుగు," అన్నాడు. ఆమె కదల్లేదు. "ఆరు. పోనీ, ఆరున్నర." పాతసామాను బేరంలా సాగుతుండగా అతనికి దగ్గొచ్చింది.

"తొమ్మిది! తొమ్మిదమ్మా!"

వార్డంతా తిరిగి చూసింది.

మార్ఫిన్ నరంలోకి వెళ్ళాక మొహం విచ్చుకుంది. నాలుకా వదులైంది.

"రాతిబల్ల వేలి మీద పడినప్పుడు ఎనిమిదే. పన్ను పీకినప్పుడు ఏడు. నువ్వలిగి పుట్టింటికెళ్ళి నెలంతా రాలేదు చూడు, అది పది."

ఆమె చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ నెలంతా ఫోన్ చేసింది ఆమే. రమ్మంటావా అంటే, ఇక్కడ ఇబ్బందేం లేదు, ఉండు అనేవాడు. తన అవసరమే లేదు కాబోలనుకుని ఆమె అక్కడే ఏడుస్తూ కూర్చుంది.

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడిస్తే మర్నాడే వచ్చేదాన్ని కదయ్యా!" అని అరిచింది.

"మెల్లగా అమ్మా," అంది నర్సు.

ఆమె కళ్ళు తుడుచుకుని, స్టూలు మంచం దగ్గరికి లాక్కుంది.

"మత్తు దిగేలోపు, ఇంకా ఏమేం దాచావో అన్నీ చెప్పు."